సయోకిమావులో అద్దెకు దిగవచ్చా?

నైరోబీ వెస్ట్‌లాండ్స్‌లో ఉద్యోగం, అద్దె తక్కువని నగర శివారు సయోకిమావులో ఇల్లు చూశారు, రోజూ ప్రయాణం కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది, కానీ రైలును నమ్ముకుని మాత్రం దిగకండి. 2012లో తెరిచిన ఆ స్టేషన్ నుంచి రైలు నగరం నడిబొడ్డుకే వెళ్తుంది. అక్కడ దిగి వెస్ట్‌లాండ్స్‌కు మళ్లీ మటాటు, అంటే వాళ్ల ప్రైవేటు మినీబస్సు, ఎక్కాలి. సొంత కారుంటే 2022లో వచ్చిన ఎక్స్‌ప్రెస్‌వే, సయోకిమావు పక్కనున్న మ్లొలొంగో నుంచి నేరుగా వెస్ట్‌లాండ్స్ చేరుస్తుంది. టోలు రోజుకు రెండుసార్లు పడుతుంది కాబట్టి, దాన్ని అద్దెలో కలిపి లెక్క వేయండి.

నా అసలు బెంగ నీళ్ల గురించి. అక్కడ చాలా ఇళ్లకు బోరు, ట్యాంకరే దిక్కు. నైరోబీ చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. నల్గొండ కథ తెలిసిన మనకు వేరే చెప్పాలా? కాచినా అది పోదు. చిన్నపిల్లలు ఉన్నారన్నారు కనుక తాగడానికి, వంటకు ఆర్‌వో నీళ్లే వాడండి. అడ్వాన్సు ఇచ్చేముందు కేర్‌టేకర్‌ను కాదు, పక్కింటి వాళ్లను అడగండి, వారానికి ఎన్ని రోజులు నీళ్లు వస్తాయో.

కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే వద్దు. 2011లో విమానాశ్రయ భూమి అంటూ అక్కడ ఇళ్లు కూల్చేశారు. నేనైతే మొదటి ఆరు నెలలు వెస్ట్‌లాండ్స్ పక్కనే ఉన్న పార్క్‌లాండ్స్‌లో చిన్న ఫ్లాటు తీసుకుంటాను.