ట్యూక్స్‌బరీ యుద్ధాన్ని మనవడికి ఎలా చూపించాలి?

ప్రశ్న: వచ్చే జూలైలో మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్తున్నామండీ. అక్కడ ట్యూక్స్‌బరీ అనే ఊళ్లో మధ్యయుగ ఉత్సవం జరుగుతుందనీ, ఆనాటి యుద్ధాన్ని కత్తులతో, విల్లంబులతో మళ్లీ పోరాడి చూపిస్తారనీ విన్న దగ్గర్నుంచి తొమ్మిదేళ్ల మా మనవడు అక్కడికే తీసుకువెళ్లమంటున్నాడు. ఆ కత్తులు నిజమైనవేనా, పిల్లలు జడుసుకుంటారా అన్నది నా మొదటి సందేహం. ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్న చోట ఆ చావులనే వినోదంగా చూడటం సబబేనా అన్నది రెండోది.
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ రెండో సందేహమే ముఖ్యమైనది కనుక ముందు దాని సంగతి రాస్తున్నాను. తప్పకుండా వెళ్లండి. అయితే నేరుగా ప్రదర్శన మైదానానికి కాకుండా, పొద్దున్నే మనవణ్ణి వెంటబెట్టుకొని ఆ ఊరి పెద్ద చర్చినీ, దక్షిణాన ఉన్న పచ్చికబయలునూ చూసి, ఆ తర్వాత మైదానానికి చేరుకోండి. ఎవరు ఎవరితో ఎందుకు పోరాడారో, ఓడినవారు ఎటు పారిపోయారో తెలియకపోతే మధ్యాహ్నం కనిపించేది ఉత్త కత్తుల మోతే. తెలిసి చూసేవారికి మాత్రం అది పోయినవారిని తలుచుకోవడమే అవుతుందని, అక్కడ ఒక రోజంతా గడిపినప్పుడు నాకు గట్టిగా అనిపించింది.

బాబుకు ముందుగా ఈ కథ చెప్పండి. ఇంగ్లండు సింహాసనం కోసం యార్క్, లాంకాస్టర్ వంశాలు దశాబ్దాలపాటు కొట్టుకున్న పోరును గులాబీల యుద్ధాలంటారు. లాంకాస్టర్ వంశపు ఆరవ హెన్రీ రాజు భార్య మార్గరెట్ 1471 ఏప్రిల్ 14న ఫ్రాన్సు నుంచి వచ్చి వేమత్ రేవులో దిగింది. వేల్స్‌లోని తమ పక్షం వారిని కలుసుకోవాలని సెవర్న్ నది దాటే తోవ వెతుక్కుంటూ ఉత్తరానికి సాగింది. గ్లోస్టర్ పట్టణం కోట తలుపులు మూసేయడంతో అక్కడి వంతెన అందలేదు. ఎండలో నడిచి నడిచి సొమ్మసిల్లిన సేన మే 3 సాయంత్రానికి ట్యూక్స్‌బరీ చేరింది. వెన్నంటి వచ్చిన యార్క్ రాజు నాలుగవ ఎడ్వర్డ్ మర్నాడు ఉదయమే యుద్ధానికి దిగాడు. లాంకాస్టర్ సేనాని సోమర్‌సెట్ డ్యూక్ చాటుదారుల గుండా వచ్చి శత్రువు మీద పడ్డాడు. కానీ ఎడ్వర్డ్ ముందుచూపుతో చెట్ల మాటున నిలిపి ఉంచిన 200 మంది బల్లెగాళ్లు పక్క నుంచి విరుచుకుపడేసరికి డ్యూక్ బలగం చెదిరిపోయింది. నది వైపు పారిపోతూ ఎందరో నరికివేతకు గురైన ఆ పచ్చికను ఇప్పటికీ బ్లడీ మెడో, అంటే నెత్తుటి పచ్చిక అంటారు. మార్గరెట్ ఒక్కగానొక్క కొడుకు, యువరాజు ఎడ్వర్డ్ కూడా ఆ రోజే చనిపోయాడు. అతనికి అప్పటికి 17 ఏళ్లు, మీ మనవడి కన్నా ఎనిమిదేళ్లే పెద్ద.

ఇక చర్చి. ఓడినవారిలో కొందరు దేవుడి నీడ కాపాడుతుందని అక్కడ తలదాచుకున్నారు. సోమర్‌సెట్ డ్యూక్‌తో సహా వారిలో పలువురిని బయటకు రప్పించి, మే 6న తలలు తీయించారు. లోపల యువరాజు పేర నేలలో ఒక ఇత్తడి ఫలకం ఉంటుంది. దాని దగ్గర నిలబడి తల పైకెత్తితే, గెలిచిన యార్క్ వంశపు సూర్యచిహ్నాలు కప్పు మీద బంగారు రంగులో మెరుస్తూ కనిపిస్తాయి. పూజావస్తువులు దాచే గది తలుపును కూడా అక్కడివారిని అడిగి తెలుసుకోండి. దాని లోపలి వైపు తాపడం చేసిన ఇనుప రేకులు యుద్ధభూమిలో దొరికిన కవచాల ముక్కలని చెబుతారు. వాటిలో దూసుకుపోయినట్టున్న రంధ్రాలు చూశాక నాకు కాసేపు మాట రాలేదు.

మీ మొదటి సందేహం తీర్చడం సులువు. కత్తులు ఉక్కువే కానీ అంచులు మొద్దు చేసి, మొనలు గుండ్రంగా అరగదీసి ఉంటాయి. బాణాల కొనలకు రబ్బరు మూతలుంటాయి. దెబ్బ ఎక్కడ వేయవచ్చో, ఎక్కడ వేయకూడదో నేర్చుకున్నవారినే బరిలోకి దించుతారు. నిజానికి వారిని బాధించేది కత్తి కాదు, వేడి. పూర్తి ఉక్కు కవచం 20 నుంచి 25 కిలోల దాకా ఉంటుంది, దాని కింద దళసరిగా కుట్టిన అంగరఖా ఒకటి. అందుకే పోరు మధ్యలో నీళ్లు మోసుకుంటూ తిరిగేవారు కనిపిస్తారు. పిల్లలు ఉలిక్కిపడేది ఫిరంగి మోతకు. బాబు చెవులకు రక్షణ ఏదైనా తీసుకెళ్లండి. పడిపోయినవారంతా చివర్లో లేచి నిలబడతారని ముందే చెప్పి ఉంచండి.

పోరుకు గంట ముందు గుడారాల వైపు వెళ్లగలిగితే మరీ మంచిది. కవచాన్ని ఎవరికి వారు తొడుక్కోలేరు. ఒకరు చేతులు చాచి నిలబడితే, మరొకరు మోకాళ్ల మీద కూర్చొని తోలు పట్టీలు ఒక్కొక్కటే బిగిస్తుంటారు, మధ్యమధ్య వేలు దూర్చి మరీ బిగుతైందేమో చూస్తుంటారు. అడిగితే వారు ఓపికగా వివరిస్తారు. అడగకుండా కవచం ముట్టుకోకూడదని మాత్రం బాబుకు చెప్పండి, చేతి చెమట తగిలిన చోట ఉక్కు తుప్పు పడుతుంది. ఉత్సవం ఏ శని, ఆదివారాల్లోనో నిర్వాహకుల ప్రకటన చూసుకొని, ఆ తర్వాతే ప్రయాణం ఖాయం చేసుకోండి. రైలు దిగే ఆష్‌చర్చ్ స్టేషన్ నుంచి ఊరు సుమారు మూడు కిలోమీటర్లు.

వేసవిలో ఆ ఊరి వీధుల పొడవునా, యుద్ధంలో పాల్గొన్న ప్రభువుల పతాకాలు ఇరుపక్షాలవీ కలిపి కట్టి ఉంచుతారు. ఊరి దక్షిణాన రోడ్డు కూడలిలో పెద్ద చెక్క గుర్రాల శిల్పాలు రెండున్నాయి. ఒకదాని మీద గెలిచిన రౌతు కూర్చొని ఉంటాడు, రెండోది రౌతు లేక తల వంచుకొని ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు బాబును అక్కడ కాసేపు నిలబెట్టి, ఆ రెండో గుర్రం ఎవరిదై ఉంటుందో అతణ్ణే చెప్పమనండి.