ఫైనాన్స్ తీరని కారును ఆశ్రమానికి దానం చేయవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. రెండేళ్ల కిందట హైదరాబాద్ మారాం. 2018 ఫిబ్రవరిలో ఓ ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ దగ్గర ఐదేళ్ల లోను తీసుకుని కారు కొన్నాను. ఆ మార్చి నుంచి నెలకు రూ.11,400 ఈఎంఐ. కరోనాలో ఆరు నెలలు కట్టలేదు, అప్పుడు ప్రభుత్వమే ఆపింది కదా. 2023 ఫిబ్రవరితో ఈఎంఐలు అయిపోయాయి. ఏడాదిన్నర కిందట మా అమ్మ పోయింది. ఆఖరి రోజుల్లో ఆమెను డయాలసిస్‌కు తిప్పింది ఆ కారులోనే. దాన్ని చూస్తే దుఃఖం ఆగక, సంవత్సరీకం రోజున ఓ వృద్ధాశ్రమానికి ఇచ్చేశాను. వంద రూపాయల స్టాంపు పేపరు మీద దానపత్రం రాసి నోటరీ చేయించాం. ఇన్సూరెన్స్ సంగతి వాళ్లే చూసుకుంటారనుకున్నాను. తీరా ఆర్‌సీ మార్చబోతే ఫైనాన్స్ ఉందన్నారు. కంపెనీ వాళ్లు రూ.1,12,000 బాకీ ఉందని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వడం లేదు. మూడేళ్లు దాటితే అప్పు చెల్లదని ఒకరన్నారు. ఎనిమిది వేలిస్తే ఫైనాన్స్ తీయించేస్తానని ఏజెంటు అంటున్నాడు. కారు దానం చేస్తే పన్ను తగ్గుతుందని అమెరికాలో ఉన్న మా అబ్బాయి అంటున్నాడు. తల్లి పేరున చేసిన దానాన్ని ఆపే హక్కు కంపెనీకి ఉందా?

జవాబు: ఉంది. మీ ఉత్తరంలో కేసును తేల్చేది అమ్మగారి మాట కాదు, దానపత్రం కాదు. ‘కరోనాలో ఆరు నెలలు కట్టలేదు’ అని మధ్యలో రాసి వదిలేసిన వాక్యం.

2020 మార్చి నుంచి ఆగస్టు దాకా ఆర్‌బీఐ ఇచ్చింది మారటోరియం. అది మాఫీ కాదు, వాయిదా. ఆ ఆరు నెలలూ అసలు మీద వడ్డీ నడిచింది. కట్టని ఆరు ఈఎంఐలు లోను చివరికి జరిగాయి. అంటే మీ లోను 2023 ఫిబ్రవరిలో కాదు, ఆగస్టులో ముగియాలి. మీరు 60 కట్టాల్సిన చోట 54 కట్టారు. బ్యాంకుకు మీరిచ్చిన ఆటో డెబిట్ గడువు ఫిబ్రవరితో ముగిసి ఉంటుంది. డబ్బు కట్ కావడం ఆగింది కాబట్టి అప్పు తీరిందనుకున్నారు. లోను తీరితే ఎన్‌ఓసీ రావాలి. అది రాకపోయినా ఇన్నేళ్లు అడగకపోవడం మీ అజాగ్రత్తే.

అలాగని కంపెనీ చెప్పిన అంకె అంతా నిజమనుకోవద్దు. ఆరు ఈఎంఐలు కలిపితే రూ.68,400. మిగతా రూ.43,600 ఏమిటో తేలాలి. ఇక్కడే సాక్ష్యం కావాలి. 2020లో మీరు మారటోరియం కోరారా, లేక వాయిదాలు ఊరికే బౌన్స్ అయ్యాయా? కోరితే ఎస్సెమ్మెస్సో ఈమెయిలో ఉంటుంది, వెతకండి. ఆ కాలానికి వడ్డీ మీద వడ్డీ, పెనాల్టీ వడ్డీ వేయకూడదని సుప్రీంకోర్టు 2021 మార్చి 23న చెప్పింది. ఆ తర్వాతి ఆలస్యానికి వేసే పెనాల్టీని అసలులో కలిపి మళ్లీ వడ్డీ లెక్కకట్టడాన్ని కూడా 2023 ఆగస్టులో ఆర్‌బీఐ నిషేధించింది. పాత లోన్లకు ఇది 2024 జూన్ కల్లా వర్తించింది. 2018 నుంచి మీ బ్యాంకు స్టేట్‌మెంట్, లోను అగ్రిమెంటు, మారటోరియం తర్వాత మార్చిన వాయిదాల షెడ్యూలు, కంపెనీ ఇచ్చే లోను అకౌంట్ స్టేట్‌మెంట్ పక్కపక్కన పెడితే ఏది కట్టాలో, ఏది కట్టక్కర్లేదో తెలుస్తుంది.

దానం సంగతి. చరాస్తిని చేతికిస్తే దానం పూర్తవుతుంది, నిజమే. కానీ మీ చేతిలో ఉన్న హక్కు ఎంతో, ఆశ్రమానికి వెళ్లిందీ అంతే. కంపెనీ తాకట్టు కారుతోపాటే వెళ్లింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 51(4) ప్రకారం, ఆర్‌సీలో పేరున్న ఫైనాన్షియర్ రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే యాజమాన్యం మార్చరు. నోటరీ ముద్ర దాన్ని దాటలేదు. వాయిదాలు తప్పాయని కంపెనీ రేపు అగ్రిమెంటు ప్రకారం ఆశ్రమం నుంచే కారు తీసుకెళ్తే అక్కడి పెద్దవాళ్లకు మీరేం చెబుతారు?

నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఇన్సూరెన్స్. ఆర్‌సీ మీ పేరునే ఉంది. యాక్సిడెంటు జరిగితే చట్టం దృష్టిలో ఓనరు మీరే. బండి ఎప్పుడో చేతులు మారిందన్న వాదన చెల్లదని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పాలసీ లేని రోజున ఎవరికైనా ప్రాణం పోతే పరిహారం లక్షల్లో మీ నెత్తిన పడుతుంది. ఇవాళే ఆశ్రమానికి ఫోన్ చేసి బండి ఆపించండి. పాలసీ కట్టేదాకా గేటు దాటకూడదు. మిగతావన్నీ దీని తర్వాతే.

మూడేళ్ల మాటకు వద్దాం. బాకీకి దావా వేసే గడువు మూడేళ్లే. ఆఖరి వాయిదా 2023 ఆగస్టు అయితే అది 2026 ఆగస్టుతో ముగుస్తుంది. అయితే గడువు దాటితే మూసుకుపోయేది కోర్టు దారి మాత్రమే, అప్పు చెరిగిపోదు. ఆర్‌సీలో ఫైనాన్స్ ఎంట్రీ తీసేది ఒప్పందం ముగిసిందని రుజువు చూపినప్పుడే, క్యాలెండరు చూసి కాదు. పైగా ఇలాంటి అగ్రిమెంట్లలో ఆర్బిట్రేషన్ క్లాజు (తగాదాను కోర్టు బయట మధ్యవర్తి తేల్చాలన్న షరతు) సాధారణం. మీరు ఇల్లు మారానన్నారు. నోటీసు ఖమ్మం చిరునామాకు వెళ్లి, మీరు లేకుండానే మధ్యవర్తి తీర్పు (అవార్డు) వచ్చి ఉంటే, దాన్ని అమలు చేయించుకోవడానికి వాళ్లకు 12 ఏళ్ల గడువుంటుంది. పాత ఇంటికి ఏమైనా టపా వచ్చిందేమో కనుక్కోండి. ఇంకో జాగ్రత్త. గడువులోపు ‘బాకీ ఉంది’ అని సంతకం పెడితే మూడేళ్లు కొత్తగా మొదలవుతాయి. గడువు దాటాక ‘కడతాను’ అని రాసిచ్చినా కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద అది చెల్లుతుంది. కంపెనీకి ఏది రాసినా ‘నా హక్కులకు భంగం లేకుండా’ అని మొదలుపెట్టి, అంకె ఒప్పుకోకుండా లెక్క మాత్రమే అడగండి.

ఏజెంటు జోలికి అసలు వెళ్లకండి. కంపెనీ ఇవ్వని ఎన్‌ఓసీని, కంపెనీ సంతకం చేయని ఫారం 35ని (ఫైనాన్స్ ఎంట్రీ తీయించే దరఖాస్తు) అతను ఎక్కడ నుంచి తెస్తాడు? తయారు చేస్తాడు. అది ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 336, 340 కింద కేసు దరఖాస్తుపై సంతకం చేసిన మీమీదే పడుతుంది. ఇప్పుడు డబ్బు తగాదాగా ఉన్నది అప్పుడు క్రిమినల్ కేసవుతుంది, ఆశ్రమాన్ని నడిపేవాళ్లనూ పోలీసులు పిలుస్తారు.

లెక్కలు చూశాక బాకీ నిజమని తేలిన మేరకు కట్టేయండి. పెనాల్టీ తగ్గించమని బేరమాడండి, తగ్గించవచ్చు. ఒప్పుకున్న మొత్తాన్ని లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాకే, ఎన్‌ఈఎఫ్‌టీ ద్వారా లోను ఖాతాకే కట్టాలి. రికవరీ ఏజెంటు చేతికి నగదు ఇవ్వొద్దు. క్రెడిట్ రిపోర్టులో ‘సెటిల్డ్’ (తగ్గించి తీర్చుకున్నారు) అని కాక ‘క్లోజ్డ్’ (పూర్తిగా తీరింది) అని రావాలని ముందే అడగండి. కట్టిన 30 రోజుల్లో కంపెనీ పత్రాలిచ్చి తాకట్టు తీయాలి. తన తప్పు వల్ల ఆలస్యం చేస్తే రోజుకు రూ.5,000 మీకివ్వాలని 2023 సెప్టెంబరు 13న ఆర్‌బీఐ ఆదేశించింది. కంపెనీకి చేసిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువుంది. ఎన్‌ఓసీ నిరాకరించిన తేదీ తెలిపే కాగితం దాచుకోండి, లెక్క అక్కడి నుంచే. ఎన్‌ఓసీ, ఫారం 35 వచ్చాక ఫైనాన్స్ ఎంట్రీ తీయించి, ఫారం 29, 30లతో ఆశ్రమం ట్రస్టు పేరుకు మార్చండి.

మీ అబ్బాయి చెప్పింది అమెరికా సంగతి. అక్కడ కూడా లీన్ (అప్పు తాకట్టు) ఉన్న బండిని, లెండర్ నుంచి రిలీజ్ లేనిదే సంస్థలు సాధారణంగా తీసుకోవు. ఇక్కడ 80జీగా పిలిచే విరాళాల పన్ను రాయితీ డబ్బుగా ఇచ్చిన విరాళానికే, కారుకు రాదు. కొత్త పన్ను విధానంలో ఉంటే అదీ లేదు.

అంత డబ్బు ఒకేసారి కట్టలేకపోతే, ఆశ్రమం వాళ్లతో మాట్లాడి దానపత్రం రద్దు చేసుకోండి. కంపెనీ రాతపూర్వక అనుమతితో కారు అమ్మించి, బాకీ పోగా మిగిలింది చెక్కు రూపంలో మీ అమ్మగారి పేరున ఆశ్రమానికి ఇవ్వండి. పాత విధానంలో పన్ను కడుతుంటే, ట్రస్టుకు 80జీ గుర్తింపు ఉందో లేదో చూసుకుని రసీదు తీసుకోండి.