విశాఖలో ఇంటి పన్ను ఏటా 15 శాతం చొప్పున పెరుగుతూనే ఉంటుందా?

ఉండదు, కొత్త పద్ధతిలో మీ ఇంటికి లెక్కగట్టిన పన్ను ఎంతో అక్కడికి చేరగానే ఈ పెంపు ఆగుతుంది.

2021 ఏప్రిల్‌కు ముందు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంటి పన్నును అద్దె విలువ మీద వేసేది. ఆ తర్వాత రాష్ట్రమంతటా మూలధన విలువను, అంటే రిజిస్ట్రేషన్ శాఖ రేట్ల ప్రకారం స్థలానికీ కట్టడానికీ వచ్చే విలువను ఆధారం చేశారు. విశాఖలో స్థలాల ధరలు తెలిసినవే, అందుకే చాలా ఇళ్లకు కొత్త లెక్క పాతదాన్ని బాగా దాటింది. ఆ తేడా అంతా ఒకేసారి మోపితే జనం తట్టుకోలేరు. కాబట్టి కిందటేడు పన్ను మీద 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు.

మురళీనగర్‌లో ఒక ఫ్లాట్‌కు పాత పన్ను 4,000 రూపాయలు, కొత్త లెక్కలో 5,500 అనుకుందాం. మొదటి ఏడాది 4,600, రెండో ఏడాది 5,290 కడతారు. మూడో ఏడాది మళ్లీ 15 శాతం వేస్తే 6,083 అవుతుంది కానీ, అంత వసూలు చేయరు. 5,500 దగ్గర ఆగిపోతుంది. రిజిస్ట్రేషన్ విలువలు పెరిగి, ఆ మేరకు పన్ను సవరిస్తే తప్ప అంతే.

ఎక్కువమంది పొరబడేది ఇంకోచోట. పైన అంతస్తు వేసినా పెంపు 15 శాతమే అనుకుంటారు. కొత్తగా కట్టిన భాగానికి ఆ పరిమితి వర్తించదు, దానికి మొదటి నుంచే పూర్తి పన్ను పడుతుంది. అలా నోటీసు వస్తే ముందు ప్లింత్ ఏరియా (కట్టడం వైశాల్యం), వాడకం (నివాసమా, వ్యాపారమా) సరిగ్గా రాశారో లేదో తప్పకుండా చూసుకోండి. తప్పుంటే రివిజన్ పిటిషన్, అంటే పన్నును మళ్లీ పరిశీలించమని అర్జీ, పెట్టుకోవచ్చు.