ముందు ఆ టేపు సంగతి చూడు

పాలకొల్లు,
శుక్రవారం.

చిరంజీవి అమ్మాయికి, మీ మాస్టారు ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన నాలుగు వాయిస్ మెసేజ్‌లూ రెండేసి సార్లు విన్నాను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నా. పద్నాలుగు మంది కబడ్డీ అమ్మాయిల చేత ఆరు వారాలు జంపింగ్ ఎక్సర్‌సైజులు చేయించావు. నిలువు జంప్ సగటున 2 సెంటీమీటర్లు పెరిగింది. దాన్నిప్పుడు పీజీ ప్రాజెక్టుగా రాయాలి. "టీ టెస్టు వేయాలా, ఇంకేదైనానా మాస్టారండీ" అని అడిగావు. రీసెర్చ్ మెథడ్స్ పేపరంటేనే టెన్షన్ అనీ అన్నావు.

టీ టెస్టు అంటే రెండు సగటుల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని చూసే లెక్కే కదా, దాని సంగతి తర్వాత. నువ్వు పంపిన ఫోటోలో గోడకి అంటించిన టేపు చూశాను. అది దర్జీ టేపు కదూ?

నవ్వుకోకు. ఏమీ మారని రోజున నీ కొలత ఎంత ఊగిసలాడుతుందో తెలియకుండా, మారిన రోజున ఎంత మారిందో నువ్వు చెప్పలేవు. నాకు ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇరవై ఏళ్లు గడిచాక గానీ ఈ సంగతి ఒంటపట్టలేదు. నీకు మొదటి ఏడాదిలోనే పట్టాలని ఈ గోలంతా.

వేళ్లకి సుద్ద రాసుకుని గోడమీద గుర్తు పెట్టే ఈ జంప్ పాతకాలపుది. డడ్లీ సార్జెంట్ అనే ఆయన 1921లో ప్రచురించాడు. చూడటానికి తేలిక: నిలబడి అందుకున్న గుర్తుకీ ఎగిరి పెట్టిన గుర్తుకీ తేడాయే జంప్. కానీ అమ్మాయి ముందు నిలబడి చెయ్యెత్తి ఎంత అందుతుందో గుర్తు పెట్టాలి కదా, అక్కడే మోసం జరుగుతుంది. భుజం పూర్తిగా సాచకుండా బద్ధకంగా చెయ్యెత్తితే నిలబడ్డ గుర్తు కిందకి పడుతుంది, జంప్ ఊరికే 2 సెంటీమీటర్లు పెరుగుతుంది. పిల్లలు కావాలని చేయరు, మనమే చూసుకోం. నీ 2 సెంటీమీటర్లలో భుజం వాటా ఎంతో నీకు తెలుసా?

కాబట్టి అనుమతులు వచ్చాక (వాటి సంగతి కింద రాశాను) ఒక సోమవారం అందరినీ ఎగిరించు. ఆ గురువారం మళ్లీ ఎగిరించు. మధ్యలో కొత్త ఎక్సర్‌సైజులేవీ వద్దు. అదే టైము, అదే చోటు, అవే బూట్లు, కొలిచేది కూడా ఒకే మనిషి. ఒక్కో అమ్మాయికీ గురువారం అంకెలోంచి సోమవారం అంకె తీసెయ్. లెక్క కోసం అయిదుగురినే తీసుకుందాం: +2, −1, 0, +3, −2 వచ్చాయనుకో. సగటు 0.4. అంటే రెండోసారి కాస్త అలవాటు పడ్డారేమో. ఈ తేడాల స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే లెక్క, వేస్తే 2.07 వస్తుంది. ఆ తేడాలో రెండు రోజుల కొలతల ఊగిసలాటా కలిసి ఉంది కాబట్టి, దాన్ని 2 వర్గమూలంతో, అంటే 1.41తో భాగిస్తే సుమారు 1.5 సెంటీమీటర్లు. ఏమీ మారకపోయినా ఒక్క కొలత మామూలుగా ఇంత ఊగుతుందన్నమాట, దీన్నే టిపికల్ ఎర్రర్ అంటారు. ఆటల్లో ఈ లెక్కని బాగా ప్రచారంలోకి తెచ్చిన వాళ్లలో విల్ హాప్‌కిన్స్ ఒకరు, ఆయన 2000లో రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గదే.

ఇప్పుడు ఒక్క అమ్మాయిని తీసుకో. ఏ ట్రైనింగూ లేకుండానే ఆమె అంకె ఈ రోజుకీ ఆ రోజుకీ రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతోంది. అలాంటప్పుడు "నీకు 2 పెరిగిందమ్మా" అని ఆమె వీపు తట్టడానికి నీకు ఆధారం లేదు. పద్నాలుగు మంది సగటు మాత్రం వేరు. ఒకళ్లది పైకీ ఇంకొకళ్లది కిందకీ పోయి ఆ ఊగిసలాట చాలావరకు సర్దుకుంటుంది. 2.07ని 14 వర్గమూలంతో భాగిస్తే 0.55, సగటు ఊగేది అంతే. దాని పక్కన 2 అనేది పెద్ద అంకే. నీ కొలతలు నేననుకున్నట్టే ఉంటే, సగటున ఏదో మారిందని ఒప్పుకోవచ్చు.

ఏం మార్చింది అన్నది ఇంకో ప్రశ్న. అక్కడ నేనొకసారి బోర్లాపడ్డాను.

అప్పట్లో నేనొక హైస్కూల్లో పీఈటీని. సంక్రాంతి సెలవులయ్యాక స్కూలు తెరిచీ తెరవగానే అబ్బాయిలందరికీ పరుగు టెస్టు పెట్టాను. అందరికంటే వెనకబడ్డ ఆరుగుర్ని విడిగా తీసి, నాలుగు వారాలు పొద్దున్నే రాగిజావ పట్టించి, మెట్లెక్కించాను. మళ్లీ టెస్టు పెడితే ఆరుగురూ ముందుకొచ్చారు. నా ఆనందం చూడాలి! చార్టులు గీసి ఒక శిక్షణ శిబిరంలో గంటసేపు చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు. కొన్నేళ్లకి ఇల్లు సర్దుతుంటే ఆ నోటుబుక్కు దొరికింది. మొదటి టెస్టు పేజీ అంచున నా రాతే, పెన్సిల్‌తో: "వీళ్లు నిన్న జగ్గన్నతోట." కనుమనాడు అక్కడి ప్రభల తీర్థానికి పోయి, రాత్రంతా తిరిగి, నిద్రలేని కాళ్లతో వచ్చి పరిగెత్తారు. నాలుగు వారాల తర్వాత నిద్రపోయి వచ్చారు, అంతే. రాగిజావ ఏ పాపమూ ఎరగదు.

తీర్థం లేకపోయినా కొంత ఇలాగే జరుగుతుంది. ఏ టెస్టులోనైనా అట్టడుగున ఉన్నవాళ్లలో నిజంగా వెనకబడ్డవాళ్లతో పాటు ఆ రోజు బాగోలేనివాళ్లు కూడా ఉంటారు. మళ్లీ కొలిస్తే ఈ రెండోరకం వాళ్లు మామూలు స్థాయికి వచ్చేస్తారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1886లో తల్లిదండ్రుల ఎత్తులూ పిల్లల ఎత్తులూ పోల్చి చెప్పిన విషయం ఇదే. అందుకని అందరికంటే వెనకబడ్డవాళ్లని ఏరి, వాళ్ల మీదే నీ పద్ధతి పరీక్షించి, గెలిచానని అనుకోకు. గుర్తులు రాయడం మాత్రం మానకు. నిద్ర, ఎండ, గ్రౌండ్ తడి, అంతకుముందు రోజు ప్రాక్టీసు, పరీక్షలు, ఊళ్లో పెళ్లి, అన్నీ పేజీ అంచున ఉండాలి. నన్ను పట్టిచ్చింది ఆ పెన్సిల్ గీతే.

ఇక పోలిక. నువ్వు రైతు బిడ్డవి, ఇది నీకు కొత్త కాదు. మీ నాన్న కొత్త వంగడం వస్తే పొలమంతా వేసేస్తాడా? ఒక మడిలో వేసి, పక్క మడిలో పాతదే ఉంచి చూస్తాడు. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో చేసేది అదే పనిని ఇంకా పద్ధతిగా చేయడం. 1982లో అక్కడినుంచి వచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029, అలా మడి పక్కన మడి పెట్టి తేల్చినదే. ఏ ముక్కకి ఏది వేయాలో మనసుకి నచ్చినట్టు కాకుండా చీటీ తీసి తేల్చాలని గట్టిగా చెప్పిన రోనాల్డ్ ఫిషర్ కూడా 1919 నుంచి ఇంగ్లాండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసినవాడే. మీ పుస్తకంలో భయపెట్టే మాటల్లో కొన్ని ఇలా పొలం గట్టుమీద పుట్టినవే.

"పోటీలు దగ్గరపడ్డాయి, సగం మందికి ట్రైనింగ్ ఎలా ఆపను?" అంటావు. ఆపక్కర్లేదు. దాళ్వాకి, అదే రెండో పంటకి, నీళ్లు చాలనప్పుడు కాలువల మీద ఏం చేస్తారు? వంతులవారీగా ఇస్తారు. నువ్వూ అంతే. పద్నాలుగు చీటీలు రాసి ఏడు తియ్. ఆ ఏడుగురికి ఇప్పుడు, మిగతా ఏడుగురికి ఆరు వారాల తర్వాత. అందరినీ మూడుసార్లు కొలు: మొదట్లో, వంతు మారేటప్పుడు, ఆఖర్న. వంతు రానివాళ్లు కూడా మొదటి ఆరు వారాల్లో 2 పెరిగితే, అది నీ ఎక్సర్‌సైజుల వల్ల కాదు. ఎదిగే వయసు కావచ్చు, టెస్టు అలవాటు కావచ్చు. చీటీలు తీసేటప్పుడు మాత్రం నీకిష్టమైన రైడర్ పేరు మొదటి గుట్టలోకి జారనివ్వకు. నిన్ను నేనెరుగుదును. ఇంకో మాట. కొలిచేది వంతు ఎవరిదో తెలియని మనిషైతే మరీ మంచిది. కానీ సోమ, గురువారాలు నువ్వు కొలిచి, ఇక్కడ ఇంకొకళ్లు కొలిస్తే కుదరదు. అందుకని ఆ మనిషినెవరో ఇప్పుడే చూసుకుని, సోమవారం నుంచే ఆమెకి టేపు అప్పజెప్పు.

ట్రైనింగ్ ఎంత కష్టంగా ఉందో సున్నా నుంచి పది దాకా అడిగి, నిమిషాలతో గుణిస్తున్నానన్నావు. మంచిదే. 90 నిమిషాలకి 6 చెబితే 540. కార్ల్ ఫోస్టర్ అనే ఆయన పద్ధతి అది, ఖర్చు లేనిది. కానీ మన పిల్లల్ని ఎలా అడుగుతున్నావో చూసుకో. మన గోదారోళ్లకి అన్నిటికీ "పర్లేదండి" అనడం అలవాటు. కాలు విరిగినా పర్లేదండీయే. పైగా అందరి ముందూ కోచ్ అడిగితే, టీములోంచి తీసేస్తుందేమోనని తక్కువ చెబుతారు. ప్రాక్టీసు అయ్యాక అరగంట ఆగి, ఒక్కొక్కళ్లకీ చీటీ ఇచ్చి విడిగా రాయించు. 3 అంటే ఏంటి, 7 అంటే ఏంటి అన్నది తెలుగులో, వాళ్ల మాటల్లో ముందే చెప్పు. అలాగే ఇంటర్వ్యూ చేసేటప్పుడు "బాగుందా?" అని అడిగితే "బాగుంది మేడమ్" అనే వస్తుంది. "ఏ రోజు రావాలనిపించలేదు?" అని అడిగి, నోరు మూసుకుని కూర్చో. నీకు అదే కష్టం.

అనుమతుల సంగతి నువ్వు ఒక్క మెసేజ్‌లోనూ ఎత్తలేదు. ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నాకే కొలతలు మొదలవ్వాలి, తర్వాత సంతకాలు పెట్టించుకోవడం కాదు. పద్దెనిమిది నిండని అమ్మాయిలైతే తల్లిదండ్రుల సంతకం కావాలి, అమ్మాయి కూడా తనంతట తాను సరేననాలి. వద్దన్న అమ్మాయికి టీములో చోటు తగ్గకూడదు, ఆ మాట కాగితం మీద ఉండాలి. నెలసరి వివరాలు రాస్తున్నావు కదా, ఆ షీటులో పేర్లు తీసేసి నంబర్లు పెట్టు. పేర్ల జాబితా వేరే చోట తాళం వేసి ఉంచు. ఇప్పటికే తీసిన ఆరు వారాల కొలతల సంగతి దాచకుండా మీ గైడ్‌కి చెప్పెయ్. పనికిరావంటే బాధపడకు, కొత్త ప్రాజెక్టుకి అవే రిహార్సల్.

పేపర్లు చదివేటప్పుడు మొదటి పేరా, ఆఖరి పేరా చదివి మురిసిపోకు. మధ్యలో మెథడ్స్ చూడు: ఎవరు, ఎంతమంది, దేంతో కొలిచారు. మన అమలాపురం బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ స్మాష్ గంటకి 565 కిలోమీటర్లని అకాడమీ పిల్లలంతా చెప్పుకుంటారు. అంకె నిజమే, గిన్నిస్‌లో ఉంది. కానీ అది 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో, ఒక ఫ్యాక్టరీ జిమ్‌లో, రికార్డు కోసమే ఏర్పాటు చేసి కొలిచిన వేగం. టోర్నీ మ్యాచ్‌లో తీసిన అంకె పక్కన దాన్ని పెట్టి పోల్చకూడదు. అబ్బాయి గొప్పతనం దీనివల్ల ఏమీ తగ్గదు, రెండు అంకెలూ వేరే పద్ధతిలో పుట్టాయంతే.

నీ టీ టెస్టు ప్రశ్నకి జవాబు: ఒకే గుంపుని ముందూ తర్వాతా పోలిస్తే పెయిర్డ్, అంటే ఎవరి అంకెని వాళ్ల అంకెతోనే జతచేసి చూసేది. చీటీలతో చేసిన రెండు గుంపుల మార్పుల్ని పోలిస్తే రెండు గుంపులది. స్ప్రెడ్‌షీట్ చేసిపెడుతుంది. ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది, దానికి నిద్ర పాడుచేసుకోకు.

సోమవారం, గురువారం అంకెలు రాసిన కాగితాన్నే ఫోటో తీసి పంపు, శుభ్రంగా టైపు చేసింది వద్దు. కొట్టివేతలు కూడా నాకు కనబడాలి. ఈ కవరుతో పాటు నా స్టీల్ టేపు పంపిస్తున్నాను. దర్జీ టేపు గోడ మీద నుంచి తీసెయ్, తడికీ ఎండకీ గుడ్డ సాగుతుంది. నాది మాత్రం సీజన్ అయ్యాక తిరిగి ఇచ్చెయ్యాలి.

ఇట్లు,
మీ మాస్టారు