కాపాడే మనిషి ఎదురుగా ఉంటే ఆటలో కష్టమేముంది?

ప్రశ్న: అన్నయ్యా, నేను గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఫోన్లో బీజీఎంఐ అనే ఆన్‌లైన్ తుపాకుల ఆట బాగా ఆడతాను. మా హాస్టల్లో కొందరు పాచికలు, కాగితాలు పెట్టుకుని, తలా ఒక పాత్ర వేస్తూ కథలా ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' మొదలుపెట్టారు. నేనూ కూర్చున్నాను. కథ నడిపే మాస్టర్ మా ఫ్రెండే. మా పాత్రలు చచ్చిపోయేలా ఉంటే వాడే ఏదో ఒకటి చేసి బతికించేస్తున్నాడు. ఇక ఇందులో చాలెంజ్ ఏముంది? ఆన్‌లైన్ గేమే కష్టం కదా?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: తమ్ముడూ, నువ్వు సరైన లోపమే పట్టుకున్నావు. అయితే ఆ లోపం మీ ఫ్రెండ్ ఆట నడిపే తీరులో ఉంది.

బీజీఎంఐని నేను తక్కువ చెయ్యను. వందమంది దిగిన మ్యాచ్‌లో చివరిదాకా నిలవాలంటే కన్నూ వేలూ ఒక్కసారే పనిచెయ్యాలి. కానీ చచ్చిపోతే లాబీకి వచ్చి ఇంకో మ్యాచ్ నొక్కుతావు. అదే మ్యాప్, అవే తుపాకులు. ఆడగా ఆడగా చెయ్యి తిరుగుతుంది. బల్ల దగ్గర ఆడే ఆటలో ఒకసారి వచ్చిన చిక్కు మళ్ళీ అలాగే రాదు.

మా పర్లాకిమిడిలో ఆదివారాలు నేను ఆట నడుపుతాను. తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ కలిసే కూర్చుంటారు. కథను మహేంద్రగిరి అడవుల్లో పెట్టుకున్నాం. మొన్న కొండదారిలో ఒక కోటగుమ్మం, దానికో కాపలావాడు. లోపలికి వెళ్ళాలి. నొక్కడానికి బటన్లేవీ లేవు. "ఏం చేస్తారు?" అని అడిగి ఊరుకున్నాను. కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు వైద్యురాలి పాత్ర వేస్తున్న అమ్మాయి, "అతను కుంటుతున్నాడన్నారు కదా, కాలికేమైంది?" అంది. అక్కణ్ణుంచి కథే మారిపోయింది. కట్టు మారుస్తానని ఆమె మాటల్లో పెట్టింది. పక్కనున్న కుర్రాడు ఒడియాలో అతని ఊరి కబుర్లు ఎత్తి సాయం పట్టాడు.

ఇప్పుడు లెక్క చూడు. కాపలావాణ్ణి ఒప్పించాలంటే పాచిక మీద పడినదీ, పాత్ర నేర్పుకి కలిసేదీ కూడి ఇంత రావాలని నేను ముందే చెప్పిన అంకె 15. ఒప్పించే నేర్పు కింద ఆమెకు 3 కలుస్తాయి. అంటే ఇరవై ముఖాల పాచిక మీద 12 గానీ ఆపైన గానీ పడాలి. అలాంటివి తొమ్మిది ముఖాలు, నూటికి 45 పాళ్ళు. తోటివాడు సాయం పట్టాడు కాబట్టి రూలు ప్రకారం రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవచ్చు. దాంతో అవకాశం దాదాపు 70కి పెరిగింది. ఆ 25 పాళ్ళూ వాళ్ళు బుర్ర పెట్టి సంపాదించుకున్నవి. మొదట 6 పడింది, తర్వాత 17. అందరూ ఒకటే కేకలు!

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను అచ్చువేశారు. బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడల నుంచి పుట్టింది. వాటిలో తగువు తీర్చే రిఫరీ కుర్చీయే ఇప్పుడు మీ మాస్టర్ కూర్చున్నది. రిఫరీ జాలిపడితే ఆట చప్పబడిపోతుంది. కాబట్టి పాచిక వెయ్యకముందే అంకె చెప్పమను, అందరికీ కనబడేలా వెయ్యమను.

చావుకీ రూలుంది. ప్రాణబలం సున్నాకి దిగితే తన వంతు వచ్చినప్పుడల్లా పాచిక వెయ్యాలి. మామూలుగా 10 గానీ ఆపైన గానీ పడితే ఒక గెలుపు, తక్కువ పడితే ఒక ఓటమి. మూడు గెలుపులు ముందొస్తే ప్రాణం నిలుస్తుంది, మూడు ఓటములొస్తే పోతుంది. నెలల తరబడి పెంచుకున్న పాత్రకి చెరి రెండూ అయ్యాక వేసే ఆ చివరి పాచిక టెన్షన్ ఏ ఆన్‌లైన్ గేమ్‌లోనూ నాకు కలగలేదు.

మీరు నొచ్చుకుంటారనే మీ ఫ్రెండ్ మెత్తబడుతున్నాడేమో. "మా పాత్రలు పోయినా ఫర్వాలేదు, నిక్కచ్చిగా నడుపు" అని ఆటకి ముందే అందరూ కలిసి చెప్పండి. ప్రాథమిక రూల్స్ నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, నువ్వూ ఒకసారి చదువు. ఇరవై ముఖాల పాచిక దొరకకపోతే 1 నుంచి 20 దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసుకోండి. తీసిన చీటీని ప్రతిసారీ మళ్ళీ గ్లాసులో వేసి కలపాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.