ప్రైమరీ టీచర్ కావాలంటే బీఈడీనా, డీఎల్ఈడీనా? రెండూ చేసినదాన్ని, నా అనుభవం చెబుతాను

మీ చెల్లెలు బీఎస్సీ చివరి ఏడాదిలో ఉంది. చిన్న పిల్లలకు చదువు చెప్పాలని ఆమె ఆశ. ఇంట్లో పెద్దవాళ్లేమో "డీఎల్ఈడీ ఇంటర్ పిల్లలు చేసే కోర్సు, డిగ్రీ అయ్యాక మళ్లీ వెనక్కి పోవుడేంది? బీఈడీ చెయ్యి, ఆపైన ఎంఈడీ చెయ్యి, పెద్ద చదువుంటే చిన్న తరగతులకు చెప్పుడు ఎంత పని" అంటున్నారు. ఏం చేయాలని అడిగారు.

డీఎల్ఈడీ, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ శిక్షణ, అదే చేయించండి. కుండబద్దలు కొట్టినట్టే చెబుతున్నాను. మా ఇంట్లో కూడా సరిగ్గా ఈ మాటలే అన్నారు. నేను విన్నాను. హనుమకొండలో బీఎస్సీ అవగానే బీఈడీ చేశాను. 2018లో బీఈడీ పట్టా చేతికొచ్చింది, 2024లో ఎస్‌జీటీగా, అంటే ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా, ఉద్యోగం వచ్చింది. మధ్యలో ఆరేళ్లు.

రూల్స్ సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. 2018 జూన్ 28న టీచర్ల చదువులకు రూల్స్ పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. బీఈడీ వాళ్లు కూడా ఒకటి నుంచి ఐదు తరగతులకు టీచర్లు కావచ్చు, చేరిన రెండేళ్లలో ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలు అని. మాలాంటి వాళ్లందరికీ ప్రాణం లేచొచ్చింది. 2022లో మన తెలంగాణలో టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో ప్రాథమిక తరగతులకు పెట్టే పేపర్ 1 కూడా బీఈడీ వాళ్లను రాయనిచ్చారు. తర్వాత 2023 ఆగస్టు 11న, రాజస్థాన్ నుంచి వెళ్లిన కేసులో, సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. బీఈడీ పెద్ద తరగతుల కోసం తయారైన చదువు, చిన్న పిల్లలకు చెప్పే పద్ధతులు అందులో ఉండవు అని కోర్టు చెప్పిన కారణం. దాంతో ఎస్‌జీటీ పోస్టుకు బీఈడీ దారి మూసుకుపోయింది. నా బీఈడీ స్నేహితురాలికి 2022 టెట్ పేపర్ 1లో 112 మార్కులు వచ్చాయి. కోచింగ్ కోసం మెడలో గొలుసు కుదువ పెట్టింది. తీర్పు వచ్చిన రోజు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, నేను కూడా పెట్టేయలేకపోయాను. ఆమె బాధ నాకు తెలుసు. అయినా తీర్పు సరైనదే అంటాను. ఎందుకంటానో చెప్పాలంటే తండా సంగతి చెప్పాలి.

బీఈడీ అయ్యాక ఆ ఏడాదే నర్సంపేట దాటాక ఒక లంబాడీ తండాలోని ప్రాథమిక పాఠశాలలో విద్యా వాలంటీరుగా చేరాను. డీఎడ్ (డీఎల్ఈడీకి పాత పేరు) చేసినవాళ్లు ఎవరూ రాకపోతే నన్ను తీసుకున్నారు. రెండు గదులు, ఒక వరండా, ముందర వేపచెట్టు. ఒకటి నుంచి ఐదు వరకు కలిపి 31 మంది పిల్లలు. పర్మనెంట్ టీచర్ ఒక్కరే, రిటైర్మెంట్‌కు దగ్గర పడిన సారు. ఆయన మూడు, నాలుగు, ఐదు తరగతులు చూస్తానన్నారు, నాకు ఒకటి, రెండు అప్పజెప్పారు. మనసులో సంతోషించాను. బీఈడీలో నావి గణితం, భౌతికశాస్త్రం మెథడాలజీలు. పదో తరగతికి త్రికోణమితి చెప్పగలదాన్ని, అఆలు ఎంతసేపు అనుకున్నాను.

మొదటి రోజు బోర్డు మీద పెద్దగా 'అ' రాశాను. పక్కన చార్టు వేలాడదీశాను. అందులో చీర కట్టుకున్న తల్లి బొమ్మ. "ఇది ఎవరు?" అన్నాను. ముందు వరసలో రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న పిల్ల, ఆరేళ్లు కూడా నిండి ఉండవు, "యాడీ" అంది. తనకు తెలిసిందే అడిగానని ఎంత సంబరమో. నేను "కాదు, అమ్మ" అన్నాను. మళ్లీ బొమ్మ మీద వేలు పెట్టి అడిగాను. "యాడీ" అంది, ఈసారి ఇంకా గట్టిగా, నాకు వినపడలేదనుకుందో ఏమో. మూడోసారి కూడా అదే. పక్క పిల్లలు కూడా అందుకున్నారు, గదంతా "యాడీ, యాడీ". నాకు టెన్షన్ వచ్చింది. పక్క గదిలో సారు వింటున్నారు, ఏమనుకుంటారో అని. గొంతు పెంచి "యాడీ కాదు, అమ్మ! అ అంటే అమ్మ!" అని అరిచాను. ఆ పిల్ల ఠక్కున నోరు మూసుకుంది. చేతిలో బలపాన్ని పలక మీద పెట్టేసి తల దించుకుంది.

మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

మూడో రోజు సాయంత్రం సారు "పదమ్మా, పోయి చూసొద్దాం" అన్నారు. వాళ్ల ఇంటికి వెళ్లాం. తల్లి పత్తి చేను నుంచి అప్పుడే వచ్చినట్టుంది, కాళ్లకు బురద ఆరలేదు. మమ్మల్ని చూసి కంగారు పడి మంచం వాల్చి, నన్నే అడిగింది, తెలుగులో, "ఏం తప్పు చేసింది మేడం మా పిల్ల?" అని. నాకు నోట మాట రాలేదు. పిల్ల తల్లి వెనక దాక్కుని కొంగు పట్టుకుని ఉంది. యాడీ అంటే లంబాడీలో అమ్మ. చార్టులో బొమ్మ చూసి ఆ పిల్ల చెప్పింది ఈమె గురించే కదా. నేను కాదన్నది ఈమెనే.

తిరిగి వస్తుంటే సారు ఒక్క మాట అన్నారు. "ఆ పిల్ల తప్పు చెప్పలేదమ్మా. నువ్వు బొమ్మ చూపించినవు, బొమ్మలో ఎవరున్నరో చెప్పింది. నీకు కావాల్సిన మాట వేరే భాషలో ఉన్నదని ఆ పిల్లకు ఎట్ల తెలుస్తది?"

మరునాడు ఒకటో తరగతి పిల్లల్ని ఆయనే వేపచెట్టు కిందికి తీసుకుపోయారు. తలా ఒక వస్తువు ఏరుకు రమ్మన్నారు. ఒకడు రాయి తెచ్చాడు, ఒకరు ఆకు, ఇద్దరు చింతగింజలు. ఎర్ర రిబ్బన్ల పిల్ల కోడి ఈక తెచ్చింది. దాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని "మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?" అని ముందు వాళ్ల భాషలో చెప్పించారు. నన్ను కూడా ఆ మాట పలకమన్నారు. నేను పలికితే పిల్లలంతా పడీపడీ నవ్వారు, ఆ పిల్ల కూడా. ఆ తర్వాత "తెలుగులో ఈక" అన్నారు. ఈ... క... అని రెండు చప్పట్లు కొట్టించారు. ఆకుకు రెండు చప్పట్లు, రాయికి రెండు, చింతగింజకు చిం, త, గిం, జ అని నాలుగు. మాటలో ఎన్ని ముక్కలున్నాయో చేతులకు తెలిశాక, అప్పుడు ఇసుకలో ఈకతోనే 'ఈ' గీశారు. ఆ పిల్ల వేలు పట్టుకుని దాని మీదే తిప్పించారు. ఆ రోజు బోర్డు లేదు, చార్టు లేదు, 'అ' అసలే లేదు. దసరా సెలవులయ్యి వచ్చేసరికి ఆ పిల్ల ఈక, ఈల, ఈత కూడబలుక్కుని చదువుతోంది.

సారు చదివింది ఇంటర్, ఆ మీద టీటీసీ అనే అప్పటి టీచర్ శిక్షణ. అంతే. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారు సార్ అని అడిగితే, ఆయనే ఆశ్చర్యపోయారు. "టీటీసీలో ఇదే పని కదమ్మా, మీకు చెప్పరా?" అన్నారు. చెప్పలేదు. రెండేళ్ల బీఈడీలో ఆరేళ్ల పిల్ల మాట ఒక్కసారి కూడా రాలేదు. మా పాఠ్య పథకాలన్నీ ఎనిమిది, తొమ్మిది తరగతులవే. పిల్లలకు చదవడం, రాయడం వచ్చేసి ఉంటుందనే లెక్కతోనే బీఈడీ మొదలవుతుంది. ఆ చదవడం, రాయడం ఎవరు నేర్పారు, ఎట్లా నేర్పారు అన్నది అందులో ఉండదు.

కరోనా తగ్గాక డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి డీఎల్ఈడీలో చేరాను. క్లాసులో నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నవాళ్లు. మొదటి నెల సిగ్గుగానే ఉండేది, తర్వాత పట్టించుకోలేదు. ఒక రోజు లెక్చరర్ మేడం మా అందరి చేత ఎడమ చేత్తో అర పేజీ రాయించారు. పది నిమిషాల్లో మణికట్టు లాగేసింది, గీతలు దాటిపోయాయి, కొందరు విసుక్కున్నారు. "ఒకటో తరగతి పిల్లలకు రోజూ ఇట్లాగే ఉంటుంది, 'సరిగ్గా రాయి' అని అరవబోయే ముందు మీ చెయ్యి గుర్తు తెచ్చుకోండి" అన్నారు. పన్నెండులోంచి ఐదు తీసేయడం కూడా అక్కడే కొత్తగా నేర్చుకున్నాను. పది చింతగింజలు మూట కట్టి, రెండు విడిగా పెట్టి, చాలనప్పుడు మూట విప్పాలి. చిన్నప్పటి నుంచి 'అప్పు తెచ్చుకో' అని చేసిన లెక్కలో అసలు జరిగేది మూట విప్పడమని బీఎస్సీ గణితం చదివిన నాకు పాతికేళ్లు దాటాక తెలిసింది.

అయితే డీఎల్ఈడీ కాలేజీలన్నీ ఇట్లాగే ఉంటాయని చెప్పను. హాజరు లేకుండానే నడిపించే కాలేజీలు ఉన్నాయి, బీఈడీలోనూ ఉన్నాయి. నేను బీఈడీ చేసిన చోట డబ్బు కడితే అటెండెన్స్ పడేది, రికార్డులు రాసిచ్చేవాళ్లు గేటు బయటే ఉండేవాళ్లు. టీచింగ్ ప్రాక్టీసుకు ఒక్క రోజు కూడా బడి మెట్లెక్కకుండా ఫస్ట్ క్లాసులో పాసైన వాళ్లు నా బ్యాచ్‌లోనే ఉన్నారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండిపోతుంది. డాక్టరు ఇట్లా చదివితే ఊరుకుంటామా? కాబట్టి మీ చెల్లెలికి ర్యాంకు వస్తే మొదటి ఆప్షన్ హనుమకొండ డైట్ పెట్టమనండి. ప్రభుత్వ కాలేజీ, ఫీజు తక్కువ, అంతకంటే ముఖ్యం, రోజూ వెళ్లాలి.

ఇంకో బాధ పరీక్షల సంగతి. ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీలో ఎస్‌జీటీకి 160 ప్రశ్నలు, 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే అందులో 6,508 ఎస్‌జీటీలు. అంత పెద్ద ఎంపికలో ఒక్క అభ్యర్థిని కూడా ఒక చిన్న పిల్ల ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి చూడలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ నొక్కితే చాలు. పిల్లల ఆలోచన ఎదిగే తీరు గురించి పియాజే అనే శాస్త్రవేత్త ఎన్ని దశలు చెప్పాడో నాకు నిద్రలో అడిగినా వస్తుంది. అది వచ్చినందుకు ఉద్యోగం వచ్చింది. ఎర్ర రిబ్బన్ల పిల్ల నేర్పింది ఏ బిట్టులోనూ రాలేదు. బడిలో ఒక పూట పాఠం చెప్పించి మార్కులు వేస్తే సగం కోచింగ్ సెంటర్లు మూతపడతాయని నా గట్టి నమ్మకం.

ఇక ఎంఈడీ. మీ ఇంట్లోవాళ్లు దాన్ని బీఈడీ మీద ఇంకో మెట్టు అనుకుంటున్నారు. ఎంఈడీ పనికొచ్చేది టీచర్లను తయారుచేసే కాలేజీల్లో పాఠం చెప్పడానికి. ప్రాథమిక పాఠశాల ఉద్యోగానికి అది అర్హత కాదు. ఎంఈడీ చేసి ఎస్‌జీటీ పోస్టుకు అప్లై చేయలేక ప్రైవేటు స్కూల్లో యూకేజీ చూసుకుంటున్న ఆమె మా వీధిలోనే ఉంది. మీ చెల్లెలికి పై చదువు మీద ఇష్టముంటే ముందు డీఎల్ఈడీ చేసి, ఉద్యోగం వచ్చాక బీఈడీ చేసుకోవచ్చు. స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూలు టీచర్, ప్రమోషన్‌కు అప్పుడు బీఈడీ కావాలి. చిన్న పిల్లలతో నాలుగేళ్లు గడిపాక ఎంఈడీ చేస్తే ఇంకా మంచిది, రేపు డైట్‌లో చెప్పినా చేతిలో నిజమైన అనుభవం ఉంటుంది. కాజీపేట ఎన్ఐటీలో నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఎస్సీ బీఈడీ ఉంది కదా అని ఎవరైనా చెబితే, అది ఇంటర్ అయినవాళ్లు చేరే కోర్సు, మీ చెల్లెలు ఆ దశ దాటేసింది.

డీఎల్ఈడీకి ఇంటర్ మార్కులు 50 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకు 45. వయసుకు పై హద్దు లేదు. కోర్సు రెండేళ్లు. ఇప్పుడు టెట్ ఏడాదికి రెండుసార్లు పెడుతున్నారు కాబట్టి అది పెద్ద భయం కాదు, పేపర్ 1 ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. వెయిటేజీ కోసం మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాసుకోవచ్చు.

"డిగ్రీ చేసి ఒకటో తరగతికా?" అనేవాళ్లు మాత్రం తప్పకుండా ఎదురవుతారు. నాకు సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు "హైస్కూలుకు ఎప్పుడు మారుతరు?" అని అడిగారు. ఒకటో తరగతి అంటే ఇంకా పైకి ఎక్కనివాళ్లు ఉండే చోటు అని మన జనం అభిప్రాయం. తొమ్మిదో తరగతికి వచ్చినా చదవలేని పిల్లల్ని చూసి హైస్కూలు టీచర్లు తల పట్టుకుంటుంటే, ఆ పిల్లలకు ఒకటో తరగతిలో ఏం జరిగిందో ఎవరూ అడగరు. 2022లో తొలిమెట్టు కార్యక్రమం పెట్టి ఒకటి నుంచి ఐదు పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సి వచ్చిందంటే ఎందుకు? అక్కడ చేయాల్సిన పని అక్కడ జరగకనే.

ఒక పని చేయండి. కోర్సు సంగతి తేల్చుకునే ముందు మీ చెల్లెల్ని మీకు దగ్గర్లోని ఏదైనా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు పంపండి. హెడ్మాస్టర్‌ను అడిగితే కాదనరు, మనిషి తక్కువై వాళ్లే ఎదురుచూస్తుంటారు. వారం రోజులు ఒకటో తరగతిలో కింద చాప మీద కూర్చోమనండి, కుర్చీలో కాదు. ముక్కు తుడవాలి, చెప్పులు తొడగాలి, 'టీచర్, వీడు నా పెన్సిల్ తీసుకున్నడు' అన్న మాట రోజుకు నలభై సార్లు వినాలి. వారం అయ్యాక కూడా ఆమెకు మళ్లీ వెళ్లాలనిపిస్తే డీఈఈసెట్ నోటిఫికేషన్ కోసం చూడండి. ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు, కులం సర్టిఫికెట్ ఇప్పుడే తీసి ఒక ఫైలులో పెట్టుకోమనండి, చివరి నిమిషంలో మీసేవా చుట్టూ తిరగాల్సిన పని ఉండదు.