"నిద్ర పట్టట్లేదు" అని మాత్రం చెప్పకు

నానీ,

ఇందాక ఫోన్లో నువ్వు "చచ్చిపోవాలనిపిస్తోంది" అన్నాక నేను కాసేపు మాట్లాడలేదు కదా, కోపమొచ్చి కాదురా. ఎనిమిదేళ్ల కిందట అదే మాట నోట్లోంచి బయటికి రాక నేనెన్ని నెలలు తిరిగానో గుర్తొచ్చింది. అన్నీ ఫోన్లో చెప్పబోతే నాకు ఏడుపొస్తుంది, అందుకే రాస్తున్నా.

ముందు ఈ రాత్రి సంగతి. రూమ్మేట్‌కి చెప్పానన్నావు, మంచి పని చేశావు. నేను వచ్చేదాకా నిన్ను ఒంటరిగా వదలొద్దని నా మాటగా చెప్పు. నీ దగ్గర ఉండకపోతేనే మంచిదని నీకే అనిపించే వస్తువేదైనా గదిలో ఉంటే అతని చేతికిచ్చి బయటికి పంపించెయ్. ఆ ఊపు రాత్రంతా ఒకేలా ఉండదు, కాసేపు కుదిపేసి తగ్గుతుంది. ఆ కాసేపు గడవడానికే ఈ ఏర్పాటంతా. 14416కి ఫోన్ చెయ్. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రయినా సరే, తెలుగులో మాట్లాడతారు. ఒకసారి కలవకపోతే వదిలెయ్యకు, మళ్లీ కొట్టు. ఇక ఆగలేను అనిపిస్తే మాత్రం ఫోన్లతో కూర్చోకుండా అతన్ని తీసుకుని దగ్గర్లో ఉన్న ఏ పెద్ద ఆసుపత్రి క్యాజువాల్టీకైనా వెళ్లిపో, లేదా 112, 108. అర్ధరాత్రి వెళ్తే ఏమనుకుంటారో అని చూడకు.

మీ బాబాయి పోయిన రెండో ఏడు నేను ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్లాను, తెలుసా? ఒకాయనతో నిద్ర పట్టట్లేదన్నాను. ఇంకొకరితో ఆకలి లేదన్నాను. మూడో ఆయనతో గుండె దడ అంటే ఈసీజీ తీయించి, ఏమీ లేదమ్మా, గుడికి వెళ్తూ ఉండండి అని బి కాంప్లెక్స్ రాసిచ్చాడు. ఆయన్ని తిట్టుకున్నాను చాలా రోజులు, కానీ ఆయనకి మాత్రం నేనేం చెప్పాను గనక? మనిళ్లల్లో అంతే, మనసు బాగోలేదని చెప్పడం చేతకాక అదంతా గ్యాసు, తలనొప్పి, నీరసం కింద చెప్పుకుంటాం. వాళ్లు గ్యాసుకే మందిస్తారు.

నాలుగోసారి కాకినాడ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యం ఓపీకి వెళ్లినప్పుడు కూడా నోరు పెగల్లేదు. ముందురోజు రాత్రి కరెంటు బిల్లు వెనకాల నాలుగు లైన్లు రాసుకున్నా, చీటీతో పాటు అదీ అక్కడి డాక్టరమ్మాయి ముందు పెట్టాను. నీకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో, అంతే. చదివి, కాగితం బోర్లించి, "ఇది రాయడానికి ఎన్ని రోజులు పట్టిందమ్మా?" అనడిగింది. తర్వాత సూటిగానే అడిగింది, ఎప్పటి నుంచి, రోజుకి ఎన్నిసార్లు, ఎలా చెయ్యాలని కూడా ఆలోచించారా, ఇప్పుడిక్కడ కూర్చుని ఉండగా వస్తోందా అని. నిన్నూ అడుగుతారు, కంగారుపడకు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. నాకైతే అన్నాళ్లకి ఎవరో బరువు దింపినట్టయింది.

అందుకని నువ్వూ ఓ కాగితం రాసుకో. ఎప్పుడు మొదలైంది, ఏ వేళలో ఎక్కువ, తిండి, నిద్ర, మందు తాగే అలవాటుంటే అదీ (నాకు తెలుసులే), ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా. మీ తాతయ్య చివరి రోజుల్లో ఎలా ఉండేవారో నేను చెప్తాను, అది కూడా పనికొస్తుంది. కానీ మొదటి లైను మాత్రం "చచ్చిపోవాలనిపిస్తోంది" అనే ఉండాలి. డీసెంటుగా మార్చి రాయకు.

ఎవరి దగ్గరికి అంటే, ముందు సైకియాట్రిస్ట్. ఎంబీబీఎస్ అయ్యాక అందులో ఎండీయో, డీపీఎం అనే డిప్లొమాయో చేసినవాళ్లు, మందు రాసేది వీళ్లే. కూర్చోబెట్టి వారం వారం మాట్లాడించేది క్లినికల్ సైకాలజిస్ట్, వాళ్లకి ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడిగితే తప్పేం కాదు. ఇన్‌స్టాలో మోటివేషన్ చెప్పే లైఫ్ కోచ్‌లు దీనికి పనికిరారు. నీకు అమీర్‌పేట నుంచి మెట్రోలో మూడో స్టేషను ఎర్రగడ్డ, అక్కడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది, ఓపీకి పొద్దున్నే వెళ్లాలి. ఆ పేరు వినగానే నీ మొహం ఎలా పెట్టుంటావో నాకు తెలుసు. "ఎర్రగడ్డ కేసు" అని ఫ్రెండ్స్‌ని ఏడిపించినవాడివేగా నువ్వు! మా వైపు వైజాగ్ మానసిక ఆసుపత్రి పేరు చెప్పి ఏడిపిస్తారు. అక్కడికి వెళ్లినవాళ్లందరినీ లోపల పెట్టేయరు, ఎక్కువమంది చూపించుకుని, మందులు పట్టుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లిపోతారు.

పోలీసు కేసు, ఉద్యోగం అని ఏదో అన్నావు. ఆలోచన వచ్చిందని డాక్టరుకి చెప్పడం ఎప్పుడూ నేరం కాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం అయితే, ప్రయత్నం చేసినవాళ్లని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలి, ప్రభుత్వం వాళ్లకి వైద్యం అందించాలి అంటోంది. నీ వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా అందులోనే ఉంది. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే మాత్రం డాక్టరు ఇంట్లోవాళ్లకి చెప్పొచ్చు, అది ముందే తెలిసి ఉండటం మంచిది.

మందుల దగ్గర ఓపిక పట్టాలి. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, నోరెండటం, కడుపులో తిప్పడం లాంటివి ముందొచ్చేస్తాయి. నీ వయసువాళ్లలో కొందరికి మొదటి వారాల్లో గాభరా, ఆ ఆలోచనలు పెరుగుతాయి కూడా. అలా అనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకి చెప్పాలి. నేను మూడో నెలలో బాగానే ఉన్నాను కదా అని నా అంతట నేనే ఆపేసి, సంక్రాంతి నాటికి మళ్లీ మంచం పట్టాను. ఆ తెలివి నీకొద్దు.

సైకాలజిస్టు నచ్చకపోతే మార్చుకో. నాకు మొదట దొరికినావిడ గడియారం చూస్తూ మాట్లాడేది, రెండుసార్లు వెళ్లి మానేశాను. ఒక టైలరు జాకెట్టు పాడుచేస్తే జాకెట్లు తొడుక్కోవడం మానేశామా ఏంటి? రెండో ఆవిడ దగ్గరికి ఏడాది వెళ్లాను.

మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. ఎప్పటికీ చెప్పనని మాత్రం మాటివ్వను, నువ్వే చెప్తే బాగుంటుంది, పక్కన నేనుంటాను. అక్క ముందు అరుస్తుంది, తర్వాత ఏడుస్తుంది, ఆ తర్వాత నీకు పప్పుచారు పెడుతుంది.

రేపు రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ దొరికింది, ఎల్లుండి పొద్దున్నే దిగుతాను. రేపు నీకు కుదిరితే నా కోసం ఆగకు, రూమ్మేట్‌ని తీసుకుని వెళ్లిపో. లేదంటే ఎల్లుండి ఇద్దరం వెళ్దాం, ఎర్రగడ్డ స్టేషను మెట్ల కింద ఉంటాను. కాగితం, ఆధార్ తెచ్చుకో. ఏమైనా తిని రా, ఓపీ లైను పెద్దది. ఈలోగా ఎప్పుడు మెలకువ వచ్చినా ఫోన్ చెయ్, దిండు పక్కనే పెట్టుకుంటున్నా.

పిన్ని